భరణ ప్రమాణం - సొంత రాబడి: అమెరికా వలస చట్టంలో జీవిత భాగస్వామి పూచీకత్తు (చారిత్రక పరిశీలన)

వ్యాససంగ్రహం:

అమెరికాలో స్థిరపడిన వ్యక్తి తన జీవిత భాగస్వామిని అక్కడికి శాశ్వత నివాసిగా రప్పించుకోవాలంటే, ఆ భాగస్వామిని పోషించగల ఆదాయం తనకు ఉందని ప్రభుత్వానికి రుజువు చేయాలి. నెలజీతం పొందేవారికి ఈ రుజువు సులభం. సొంత వ్యాపారం లేదా స్వతంత్ర వృత్తి చేసుకునేవారికి ఇదే కష్టమవుతుంది. ఈ వ్యత్యాసం నేటి దరఖాస్తు పత్రాలతో పుట్టింది కాదు. 1882 నాటి వలస చట్టం నుంచి 1996 నాటి సంస్కరణ చట్టం వరకు దీనికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను, స్వయంఉపాధి ఆదాయాన్ని లెక్కించే నేటి పద్ధతిని, ఈ విషయం తెలుగువారికి తారసపడే సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వలస, భరణం, భృతి, పూచీకత్తు, స్వయంఉపాధి, నికర లాభం, పబ్లిక్ ఛార్జ్, భరణ ప్రమాణపత్రం.

1. ఉపోద్ఘాతం:

భర్త, భార్య, భరణం, భృతి అనే నాలుగు మాటలూ ఒకే సంస్కృత ధాతువు నుంచి తెలుగులోకి వచ్చాయి. ‘భృ’ ధాతువుకు ధరించడం, పోషించడం అని అర్థాలు. పోషించేవాడు భర్త, పోషింపదగినది భార్య, పోషణకు ఇచ్చేది భరణం. చేసిన పనికి ప్రతిఫలంగా వచ్చే కూలి లేదా జీతం భృతి. నేటి వ్యవహారంలో భార్యాభర్తలు అన్నప్పుడు ఈ వ్యుత్పత్తి ఎవరికీ స్ఫురించదు. ఇద్దరూ సంపాదించే ఇళ్లలో దానికి అన్వయమూ లేదు. అయితే అమెరికా వలస చట్టం ఈ పాత అర్థాన్నే ఒక ఒప్పందంగా మార్చి దంపతుల చేత సంతకం పెట్టిస్తోంది. ‘అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్’ అని పిలిచే ఆ పత్రాన్ని ఈ వ్యాసంలో ‘భరణ ప్రమాణపత్రం’ అని వ్యవహరిస్తున్నాను. పూచీ పడే వ్యక్తిని ‘పూచీదారు’ అంటున్నాను. పూచీదారు భర్త కావచ్చు, భార్య కావచ్చు.

భరణానికి రుజువుగా చట్టం మొదట చూసేది భృతినే. యజమాని ఇచ్చిన జీతపు చీటీ, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ, ఏడాది చివర వచ్చే వేతన పత్రం - ఇవన్నీ మూడో వ్యక్తి ఇచ్చే సాక్ష్యాలు. సొంతంగా సంపాదించుకునేవారికి యజమాని లేడు కనుక ఆ సాక్షీ లేడు. అతని సంపాదనకు అతని ఖాతా పుస్తకమే ఆధారం. తన గురించి తానే చెప్పుకునే ఈ సాక్ష్యాన్ని రాజ్యం ఎంతవరకు నమ్మింది, నమ్మనప్పుడు దాని స్థానంలో దేన్ని కోరింది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు.

2. ‘ప్రభుత్వానికి భారం’ అనే భావన:

అమెరికా కేంద్ర ప్రభుత్వం 1882 ఆగస్టులో చేసిన వలస చట్టం, తనను తాను పోషించుకోలేక ప్రభుత్వానికి భారమయ్యే వ్యక్తిని ఓడ దిగనివ్వకూడదని నిర్దేశించింది. ఓడలో వచ్చే ప్రతి విదేశీ ప్రయాణికుడి తరఫున 50 సెంట్ల రుసుమును కూడా విధించింది. 1891 చట్టంలో ఈ నిబంధన ‘ప్రభుత్వానికి భారమయ్యే అవకాశం ఉన్నవారు’ అనే రూపం దాల్చింది. ఈ మార్పు మాటల్లో చిన్నది, ఫలితంలో పెద్దది. వర్తమాన స్థితిని చూడవలసిన అధికారి అప్పటినుంచి భవిష్యత్తును ఊహించవలసి వచ్చింది.

ఆ ఊహ స్త్రీల విషయంలో మరింత కఠినంగా ఉండేది. ఒంటరిగా వచ్చిన స్త్రీకి పోషించేవారు లేరన్నది అధికారుల తొలి అనుమానం. ఎల్లిస్ దీవిలో దిగిన వివాహితలను భర్త గానీ బంధువు గానీ వచ్చి తీసుకువెళ్లేదాకా నిలిపి ఉంచడం మామూలుగా జరిగేది. అప్పటికి నిర్దిష్టమైన ఆదాయ పరిమితి అంటూ లేదు. ఎంత ఉంటే చాలు అన్నది ఎదుట ఉన్న అధికారి విచక్షణకే వదిలేశారు.

ఈ విచక్షణకు 1915లో అమెరికా సుప్రీంకోర్టు ఒక హద్దు గీసింది. ఒక నగరంలో పనులు దొరకడం లేదన్న కారణంతో అక్కడికి బయలుదేరిన రష్యన్ కూలీలను ఆపివేసిన కేసులో, ఊరి ఉపాధి పరిస్థితిని వ్యక్తి లోపంగా లెక్కించరాదని న్యాయమూర్తి హోమ్స్ తీర్పు రాశారు. చూడవలసింది మనిషిని అన్నది ఈ తీర్పు సారం. అయితే ఆ మనిషి ఆదాయాన్ని ఎలా చూడాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

3. వర్తకుని భార్య - రుజువు తొలి రూపం:

సొంత సంపాదనపరుడు భార్యను రప్పించుకోవడానికి రుజువు చూపవలసి రావడం అమెరికాలో ముందుగా చైనీయుల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1882 మే నెలలో వచ్చిన చైనీయుల బహిష్కరణ చట్టం కూలీలను నిషేధించి వర్తకులను మినహాయించింది. దీంతో వర్తకుడంటే ఎవరన్న ప్రశ్న తలెత్తింది. 1884 సవరణ తిరుగుడు బేరగాళ్లను, చిల్లర అమ్మకందారులను ఆ నిర్వచనంలోంచి తొలగించింది. 1893 సవరణ దాన్ని ఇంకా బిగించింది. వర్తకునికి స్థిరమైన వ్యాపార స్థలం ఉండాలి. వ్యాపారం అతని పేరుతో సాగాలి. ఆ వ్యాపారానికి అవసరమైనంత మేరకు తప్ప అతడు శారీరక శ్రమ చేయకూడదు. దేశం విడిచి వెళ్లి తిరిగి వచ్చే వర్తకుడు, అంతకుముందు ఏడాదిపాటు వ్యాపారం చేశాడని చైనీయులు కాని ఇద్దరు విశ్వసనీయ సాక్షులు చెప్పాలి.

చివరి షరతు ఈ వ్యాసానికి ముఖ్యమైనది. వర్తకుని చిట్టా, ఆవర్జాలకు స్వతహాగా విలువ లేదు. అతని తోటి వర్తకుల మాటకూ విలువ లేదు. బయటి జాతివాడు చెబితేనే అది నిజం. ఖాతా పుస్తకం మీద అపనమ్మకం, జాతి మీద అపనమ్మకం ఈ నిబంధనలో ఒకటైపోయాయి.

వర్తకునికి దేశంలో ఉండే హక్కు ఉంటే అతని భార్య సంగతేమిటి? 1900లో సుప్రీంకోర్టు శ్రీమతి గ్యూ లిమ్ కేసులో దీనికి సమాధానమిచ్చింది. వర్తకుని భార్య, మైనరు పిల్లలు విడిగా ధ్రువపత్రం లేకుండానే ప్రవేశించవచ్చని తేల్చింది. భార్య హక్కు భర్త హోదా నుంచి వస్తుంది. భర్త హోదా అతని వ్యాపారం నుంచి వస్తుంది. కాబట్టి భార్య రాక కోసం జరిగే విచారణలో అసలు పరీక్ష భర్త దుకాణానికే జరిగేది.

ఈ తర్కం 1925లో ఒక విచిత్రమైన చోటికి చేరింది. 1924 వలస చట్టం పౌరసత్వానికి అనర్హులైన జాతులవారి ప్రవేశాన్ని దాదాపుగా మూసివేసింది. ఆ చట్టం కింద వచ్చిన రెండు కేసుల్లో సుప్రీంకోర్టు ఒకే రోజున తీర్పులిచ్చింది. అమెరికాలో ఉన్న చైనా వర్తకుని భార్య, వాణిజ్య ఒప్పందం రక్షణ వల్ల రావచ్చునంది. చైనా సంతతికి చెందిన అమెరికన్ పౌరుని భార్య మాత్రం రావడానికి వీల్లేదంది. పౌరసత్వం చేయలేని పనిని దుకాణం చేసింది. ఈ వైపరీత్యాన్ని 1930లో కొంతవరకు, అంటే 1924 చట్టానికి ముందు జరిగిన వివాహాల మేరకు, సవరించారు.

స్త్రీపురుష భేదం కూడా ఇక్కడ గమనార్హం. 1924 చట్టం పౌరుని ‘భార్య’కు కోటా నుంచి మినహాయింపునిచ్చింది. పౌరురాలి భర్తకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. పోషించేది పురుషుడే అన్న భావన చట్టం భాషలోనే ఉంది. 1952 వలస, జాతీయతల చట్టం ‘జీవిత భాగస్వామి’ అనే సమాన పదాన్ని వాడడంతో ఈ భేదం తొలగింది.

4. తెలుగువారి సందర్భం:

ఈ కాలమంతటా భారతీయులకు ఆదాయం ప్రశ్న ఎదురయ్యే పరిస్థితే దాదాపు లేదు. 1917 చట్టం భారతదేశాన్ని నిషిద్ధ ప్రాంతంలో చేర్చింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసు తీర్పుతో భారతీయులు పౌరసత్వానికి అనర్హులయ్యారు. 1920ల తొలినాళ్లలో చదువుకోసం బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, 1948లో మరణించేవరకు అమెరికాలోనే పరిశోధన చేశారు. ఆయన భార్య భారతదేశంలోనే ఉండిపోయారు. దంపతులు మళ్లీ కలవలేదు. ఆ వియోగానికి చట్టం ఒక్కటే కారణమని అనలేము. కానీ ఆ సంవత్సరాల్లో అమెరికాలో ఉన్న భారతీయునికి భార్యను శాశ్వతంగా రప్పించుకునే మార్గాన్ని చట్టం తెరిచి ఉంచలేదన్నది వాస్తవం. 1946లో లూస్-సెల్లర్ చట్టం పౌరసత్వానికి అవకాశమిచ్చి, ఏడాదికి 100 మంది కోటాను ఏర్పరచింది. 1965 చట్టం జాతీయతల వారీ కోటాలను రద్దు చేసిన తరువాతే తెలుగు వైద్యులు, ఇంజనీర్లు గణనీయంగా వెళ్లగలిగారు.

అక్కడినుంచి తెలుగువారి వలస ఎక్కువగా ఉద్యోగం మీద ఆధారపడి సాగింది. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు పొందే వ్యక్తితోపాటు వచ్చే జీవిత భాగస్వామికి సాధారణంగా భరణ ప్రమాణపత్రం అవసరం లేదు. అందుకే ఈ పత్రం గురించి చాలా తెలుగు కుటుంబాలకు తెలియదు. గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం వచ్చిన తరువాత పెళ్లి చేసుకున్నవారికి ఇది ఎదురవుతుంది. అప్పటికి ఉద్యోగం మాని సొంతంగా కన్సల్టింగ్ సంస్థ, హోటలు, కిరాణా దుకాణం పెట్టుకున్నవారికి మరింత చిక్కుగా ఎదురవుతుంది. ఉద్యోగ మార్గంలోనూ ఒక మినహాయింపు ఉంది. దరఖాస్తు చేసిన సంస్థలో అభ్యర్థి దగ్గరి బంధువుకు 5 శాతం లేదా అంతకుమించి వాటా ఉంటే ఆ బంధువు ఈ పూచీ ఇవ్వాలి.

5. నైతిక హామీ నుంచి ఒప్పందానికి:

1930 సెప్టెంబరులో, ఆర్థికమాంద్యం నేపథ్యంలో, హూవర్ ప్రభుత్వం ‘ప్రభుత్వానికి భారం’ నిబంధనను కఠినంగా అమలు చేయాలని కాన్సులేట్లకు సూచించింది. దీనితో అమెరికాలోని బంధువుల పూచీకి ప్రాధాన్యం పెరిగింది. ఆ దశాబ్దంలో నాజీ జర్మనీ నుంచి తప్పించుకోజూసిన యూదులకు ఈ పత్రం ప్రాణాలకు సంబంధించిన విషయమైంది. పూచీదారుల నుంచి పన్ను రిటర్న్ ప్రతులను, బ్యాంకు ధ్రువీకరణలను కోరేవారు. 1893లో వర్తకుని పక్షాన ఇద్దరు మనుషులు నిలబడి సాక్ష్యం చెప్పిన స్థానంలోకి ఇలా కాగితాలు వచ్చాయి.

అంత పట్టుదలతో తీసుకున్న ఆ హామీ చట్టరీత్యా చాలా బలహీనమైనది. వలస వచ్చిన వ్యక్తికి చేసిన వైద్య ఖర్చును పూచీదారు నుంచి రాబట్టడానికి రాష్ట్రాలు వేసిన దావాలను 1950ల చివర్లో న్యూయార్క్, మిచిగన్ న్యాయస్థానాలు కొట్టివేశాయి. ఆ పత్రం నైతికబాధ్యత మాత్రమేనని, వసూలు చేయదగిన ఒప్పందం కాదని అవి భావించాయి.

1996 సెప్టెంబరు 30న ఆమోదం పొందిన వలస సంస్కరణ చట్టం ఈ స్థితిని తలకిందులు చేసింది. 1997 డిసెంబరు 19 నుంచి వాడుకలోకి వచ్చిన ఐ-864 పత్రం కోర్టులో అమలుపరచదగిన ఒప్పందం. కుటుంబ పరిమాణానికి ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణంలో 125 శాతం ఆదాయం పూచీదారుకు ఉండాలి. సైన్యంలో క్రియాశీల సేవలో ఉండి భార్యాబిడ్డలకు పూచీపడేవారికి 100 శాతం చాలు. రప్పించుకున్న భాగస్వామి పౌరసత్వం పొందేదాకా, లేదా 40 త్రైమాసికాల పని లెక్క పూర్తయ్యేదాకా, లేదా శాశ్వత నివాస హోదా వదులుకొని దేశం విడిచి వెళ్లేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు మరణించేదాకా ఈ బాధ్యత నిలుస్తుంది. విడాకులు దీన్ని రద్దు చేయవు. భాగస్వామి పని వెతుక్కోలేదన్న కారణంతో పూచీదారు తప్పించుకోలేడని 2012లో ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం తీర్పు చెప్పింది. వివాహబంధం తెగినా తెగని భరణం ఇది.

6. బేరం, మిగులు, ఆదాయం - లెక్కలోని చిక్కు:

మన ఊళ్లలో దుకాణదారుని రెండు ప్రశ్నలు అడుగుతారు. రోజుకు ఎంత బేరం అవుతుంది? అందులో ఎంత మిగులుతుంది? మొదటిది అమ్మకం, రెండోది లాభం. భరణ ప్రమాణపత్రం నింపే స్వయంఉపాధిదారు ఈ రెండింటి భేదాన్ని గుర్తించకపోతే అక్కడే తప్పు మొదలవుతుంది. దీనికి అమెరికా పన్ను పత్రం మరొక అంకెను జోడిస్తుంది.

ఉదాహరణగా ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. పౌరసత్వం ఉన్న ఒక వ్యక్తి ఒంటరిగా నడిపే వ్యాపారానికి ఏడాది స్థూల రాబడి 96,000 డాలర్లు. ఖర్చులు 72,000. నికర లాభం 24,000. ఇతర ఆదాయం లేదు. వ్యక్తిగత వ్యాపారపు లాభనష్టాలను చూపే ‘షెడ్యూల్ సి’లో తేలిన ఈ 24,000 డాలర్లే పన్ను రిటర్న్‌లో ‘మొత్తం ఆదాయం’ అవుతుంది. స్వయంఉపాధి పన్నులో సగాన్ని మినహాయిస్తే మిగిలేది ‘సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం’. అది దాదాపు 22,300 డాలర్లు. చట్టనిబంధనలు కోరేది మొత్తం ఆదాయాన్ని. 96,000 రాస్తే అది అతిశయం, 22,300 రాస్తే తనకు తాను చేసుకునే నష్టం.

2024 ప్రమాణం ప్రకారం ఇద్దరు సభ్యుల కుటుంబానికి పేదరిక రేఖ 20,440 డాలర్లు. (అలాస్కా, హవాయి రాష్ట్రాలకు వేరే ప్రమాణాలున్నాయి.) అందులో 125 శాతం అంటే 25,550. మన ఉదాహరణలోని వ్యక్తికి 1,550 డాలర్లు తక్కువయ్యాయి. అతని ఖర్చుల్లో 9,000 డాలర్లు యంత్రాల తరుగుదల అనుకుందాం. ఆ సొమ్ము ఆ ఏడాది అతని చేతిలోంచి పోలేదు. ఇల్లు గడవడానికి అతని దగ్గర నిజంగా ఉన్నది 33,000. అయినా కాగితం మీద అతడు భార్యను పోషించలేనివాడు. అదే ఊళ్లో ఏడాదికి 26,000 జీతం తీసుకునే ఉద్యోగి పోషించగలవాడు.

చట్టం దీనికి కొన్ని దారులు చూపింది. లోటును ఆస్తులతో పూడ్చవచ్చు. 2006 నిబంధనల ప్రకారం పౌరుడు జీవిత భాగస్వామికి పూచీపడితే లోటుకు మూడు రెట్లు, అంటే ఇక్కడ 4,650 డాలర్ల నికర ఆస్తి చాలు. పూచీదారు పౌరుడు కాక శాశ్వత నివాసి మాత్రమే అయితే ఐదు రెట్లు, అంటే 7,750 కావాలి. తగిన ఆదాయమున్న మరొకరు ఉమ్మడి పూచీదారుగా నిలవవచ్చు. అంతకుముందు మూడేళ్ల రిటర్న్‌లు తప్పనిసరిగా జతచేయవలసి ఉండగా, 2006 నుంచి చివరి ఏడాదిది చాలు. ప్రస్తుత ఏడాది ఆదాయాన్ని కూడా అధికారి పరిగణించవచ్చు. కానీ జీతపు చీటీ లేని వ్యక్తి ప్రస్తుత ఆదాయాన్ని దేనితో చూపాలి అన్నచోట చర్చ మళ్లీ మొదటికి వస్తుంది.

బ్రిటన్ ఇదే సమస్యను కొంత వేరుగా చూసింది. అక్కడ 2012 జులైలో జీవిత భాగస్వామి కోసం 18,600 పౌండ్ల కనీస ఆదాయాన్ని నిర్ణయించి, 2024 ఏప్రిల్‌లో 29,000కు పెంచారు. స్వయంఉపాధిదారు గడచిన ఒక ఆర్థిక సంవత్సరపు ఆదాయాన్ని గానీ, గడచిన రెండేళ్ల సగటును గానీ చూపే వీలుంది. పరిమితి పెద్దదే అయినా, వ్యాపారంలో ఒక ఏడు మరో ఏడులా ఉండదన్న గ్రహింపు ఈ సగటులో ఉంది.

7. ఒకే కాగితానికి ఇద్దరు పాఠకులు:

స్వయంఉపాధిదారు పన్ను రిటర్న్ రాసేటప్పుడు అతని ఎదుట ఉండే పాఠకుడు పన్నుల శాఖ. చట్టం అనుమతించిన ప్రతి ఖర్చునూ చూపి లాభాన్ని తగ్గించుకోవడం అక్కడ సక్రమమైన పని. కొన్నాళ్ల తరువాత అదే కాగితాన్ని వలస అధికారి చదువుతాడు. ఆ చదువులో తగ్గిన లాభం పేదరికంగా కనిపిస్తుంది. ఒక ఉద్దేశంతో రాసిన పాఠాన్ని మరో ఉద్దేశంతో చదవడం వల్ల అర్థం మారిపోవడం సాహిత్య విద్యార్థులకు కొత్త కాదు. ఇక్కడ ఆ మార్పుకు మూల్యం భార్యాభర్తలు విడిగా గడిపే నెలలు, సంవత్సరాలు.

అలాగని వలస అధికారి కోసం వేరే అంకె రాయడానికి వీల్లేదు. పత్రంలోని మాటలకు పూచీదారు అసత్య ప్రమాణపు శిక్షకు లోబడి సంతకం చేస్తాడు. న్యాయంగా చూపగల ఖర్చును వదిలి లాభాన్ని పెంచి చూపితే పన్ను భారం పెరుగుతుంది, పాత రిటర్న్‌ను సవరిస్తే ప్రశ్నలు వస్తాయి. ఆదాయాన్ని దాచినవాడికి ఈ ఇబ్బంది రావడం న్యాయమేనని వాదించవచ్చు. అయితే తరుగుదల వంటి సక్రమమైన మినహాయింపును వాడుకున్నవాడు ఏదీ దాచలేదు. ఇద్దరినీ ఈ పద్ధతి ఒకే గాటన కడుతుంది. ఇది దానిలోని నిజమైన లోపం.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- 1882 నుంచి 1996 వరకు అధికారి విచక్షణగా ఉన్న పోషణ సామర్థ్యం, ఆ తరువాత పన్ను రిటర్న్‌లోని ఒక అంకెగా మారింది. విచక్షణలోని జాతి, లింగ వివక్షకు ఈ అంకె కొంత అడ్డుకట్ట వేసింది. 1893 నాటి వర్తకునితో పోలిస్తే నేటి దుకాణదారుని స్థితి నిస్సందేహంగా మెరుగు.

- సొంత సంపాదనపరుని ఖాతాను స్వతంత్ర సాక్ష్యంగా అంగీకరించని ధోరణి మాత్రం కొనసాగింది. నాడు ఇతర జాతి సాక్షులు, నేడు పన్నుల శాఖ. తన సంపాదన గురించి అతని మాట మరొకరి ద్వారానే చెల్లుతుంది.

- హామీ బలహీనంగా ఉన్న కాలంలో ఆదాయ పరిమితి లేదు. హామీ ఒప్పందమయ్యాక పరిమితి వచ్చింది. విడాకుల తరువాత కూడా నిలిచే బాధ్యతను ఏళ్ల తరబడి మోయించే ప్రభుత్వం, దాన్ని మోయగల శక్తిని ఒక్క ఏడాది లాభంతో కొలవడంలో అసమతౌల్యం ఉంది. రెండు మూడేళ్ల సగటును, తరుగుదలను కలిపి లెక్కించడాన్ని అనుమతిస్తే ఇది కొంత తగ్గుతుంది.

భృతికి, భరణానికి ధాతువు ఒకటే అయినా భృతి ఉన్నవారే భరించగలరని మన భాష ఎన్నడూ అనలేదు. సేద్యం, చేనేత, వర్తకం చేసుకునే ఇళ్లలో నెలజీతం లేకుండానే తరతరాలుగా సంసారాలు నడిచాయి. తెలుగు వలస చరిత్రను ఉద్యోగుల చరిత్రగానే రాస్తూ వస్తున్న పరిశోధన, సొంత వ్యాపారులు తమ కుటుంబాలను కలుపుకోవడానికి పడిన శ్రమను కూడా నమోదు చేయవలసి ఉంది. వారి పన్ను పత్రాలు, దరఖాస్తులు, ఉత్తరాలు ఇప్పటికీ ఇళ్లలోని పెట్టెల్లోనే ఉన్నాయి. అవి చెదిరిపోకముందే వారి అనుమతితో సేకరించడం ఈ రంగంలో చేయవలసిన మొదటి పని.